కారు కింది గాలి: ఒక ఫ్యాను, ఒక మాట, యాభై ఏళ్ల గొడవ

ఫార్ములా వన్‌లో 2026 నుంచి కార్ల అడుగుభాగం మళ్లీ మారింది. 2022లో ఎంతో హడావుడిగా తెచ్చిన, కింద గాలి దూసుకుపోవడానికి సొరంగాల్లాంటి దారులున్న ఫ్లోరు తీసేసి, చాలావరకు చదునుగా ఉండే ఫ్లోరు పెట్టారు. భీమవరంలో మెకానికల్ చదువుతున్న మా మేనల్లుడు మొన్న ఇంటికొచ్చినప్పుడు ఇదే పట్టుకుని కూర్చున్నాడు. "అంత మంచిదైతే నాలుగేళ్లకే ఎందుకు తీసేశారు మావయ్యా?" అని. వాళ్ల కాలేజీ పిల్లలు పోటీ కోసం చిన్న రేసు కారు ఒకటి చేస్తున్నారు, అందుకని వాడికి ఈ పిచ్చి. ఈ నాలుగేళ్ల సంగతి చెప్పాలంటే 1978కి వెళ్లాలి, గోర్డన్ ముర్రే అనే పొడుగాటి మీసాలాయన దగ్గరికి వెళ్లాలి.

ముందు అసలు గొడవేంటో చూద్దాం. మలుపులో రేసు కారుకి కావాల్సింది పట్టు. బరువు పెంచితే టైర్లు నేలని గట్టిగానే పట్టుకుంటాయి గానీ, ఆ బరువే కారుని మలుపు బయటికి తోస్తుంది. బరువు పెరక్కుండా కారుని నేలకి అదిమిపెట్టగలిగితే పంట పండినట్టే. ఆ పని గాలితో చేయించొచ్చు. కోనసీమలో పుట్టినవాళ్లకి ఇది పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. గోదావరి పాయలో మెరక తగిలేచోట పంటు నడిపే సరంగు వేగం తగ్గిస్తాడు, గమనించారా? అడుగున నీళ్లు తక్కువున్నచోట జోరుగా పోతే, పంటుకీ ఇసకకీ మధ్య ఇరుకులోంచి నీళ్లు పరుగెత్తుతాయి, పరుగెత్తే నీళ్లకి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో పంటు కిందికి కూర్చుని అడుగు ఇసకకి తగులుతుంది. సరంగు భయపడేది దేనికో, రేసు కారు డిజైనర్ కోరుకునేది సరిగ్గా దాన్నే. నీళ్ల బదులు గాలి, మెరక బదులు తారు రోడ్డు.

దీన్ని ఫార్ములా వన్‌లో మొదట సరిగ్గా దొరకబుచ్చుకున్నది ఇంగ్లండ్‌లోని లోటస్ వాళ్లు. కోలిన్ చాప్‌మన్ కంపెనీ. గాలి వదిలి కార్లని పరీక్షించే విండ్ టన్నెల్ గదిలో ఒక బొమ్మ కారు పక్కభాగాలు వదులై నేలకేసి జారుతుంటే, కొలతలు విచిత్రంగా వస్తున్నాయని పీటర్ రైట్ అనే ఇంజనీరు గమనించాడు. పక్కల సందుని అట్టముక్కలతో మూసి చూస్తే నేలకి అదిమే బలం ఒక్కసారిగా పెరిగింది. అట్టముక్కలే! ఆ తర్వాత 1977లో లోటస్ 78, 1978లో లోటస్ 79 వచ్చాయి. కారుకి రెండు పక్కలా ఉండే పెట్టెల్లాంటి భాగాల అడుగు తిరగేసిన రెక్కలా వంగి గాలికి సొరంగంలా ఉండి, అంచుల్లో నేలని రాసుకుంటూ జారే స్కర్టులనే పలకలుండేవి. మారియో ఆండ్రెట్టి 1978 చాంపియన్ అయ్యాడు. మిగతా టీములు నోరెళ్లబెట్టాయి.

వాటిలో ఒకటి బ్రాబమ్. దాని డిజైనరే ముర్రే. 1946లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లు. డర్బన్ పేరు మనకి కొత్త కాదు, 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ వెళ్లిన దగ్గర్నుంచి మన కోస్తా జిల్లాల జనం చెరకు తోటల్లో కూలికి చేరిన ఊరు అది, ఇప్పటికీ అక్కడ తెలుగువాళ్లున్నారు. ముర్రే తండ్రి మెకానిక్, మోటార్‌సైకిల్ రేసుల పిచ్చి ఉన్నవాడు. కొడుకు అక్కడి టెక్నికల్ కాలేజీలో మెకానికల్ చదివి, రేసు కారు కొనే డబ్బు లేక, తనే ఒకటి తయారు చేసుకుని 1967, 68ల్లో అక్కడి రేసుల్లో నడిపాడు. 1969 చివర్లో లోటస్‌లో ఉద్యోగం దొరుకుతుందని ఇంగ్లండ్ బయల్దేరాడు. అది దొరకలేదు. బ్రాబమ్‌లో దొరికింది. కొన్నాళ్లకి ఆ టీముని బెర్నీ ఎకల్‌స్టన్ కొని, పాతికేళ్లు దాటిన ఈ కుర్రాడిని చీఫ్ డిజైనర్ చేశాడు. చాప్‌మన్ దగ్గర పనిచేద్దామని వచ్చినవాడు చాప్‌మన్‌కే పోటీ అయి కూర్చున్నాడన్నమాట.

1978లో ముర్రేకి వచ్చిన చిక్కు ఇంజనుతో. బ్రాబమ్ వాడేది ఆల్ఫా రోమియో వాళ్ల పన్నెండు సిలిండర్ల ఇంజను, సిలిండర్లు అటు ఆరు ఇటు ఆరు నేలబారుగా పడుకుని ఉండేవి. లోటస్ కారులో గాలి సొరంగాలు ఉండే చోటే ఈ ఇంజను వెడల్పంతా ఆక్రమించేసింది. సొరంగాలకి చోటు లేదు, ఇంజను మార్చే వీలు లేదు, రేసు కాలెండరు ఆగదు.

ఇక్కడే ఫ్యాను వచ్చింది. గాలి తనంతట తాను పరుగెత్తడానికి దారి లేకపోతే మనమే లాగేద్దాం అనుకున్నాడు. మా ఊరి రైస్ మిల్లులో ఊకని లాగే ఫ్యాను దగ్గర నిలబడితే లుంగీ అంచు దానంతటదే అటు పోయేది, చిన్నప్పుడు మమ్మల్ని అక్కడికి పోనిచ్చేవాళ్లు కాదు. అలాంటి పెద్ద ఫ్యాను కారు వెనక పెట్టి, అడుగున చుట్టూ స్కర్టులు కట్టి, కింది గాలినంతా పీల్చేస్తే కారు నేలకి జలగలా అంటుకుంటుంది. పూర్తిగా కొత్త ఊహేమీ కాదు లెండి. 1970లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ 2జె కారుకి రెండు ఫ్యాన్లు పెట్టి, వాటిని మంచుబండి ఇంజనుతో తిప్పాడు, దాన్ని నిషేధించారు.

ముర్రే తెలివి ఫ్యాను కంటే రూలు చదవడంలో ఎక్కువ కనిపిస్తుంది. కదిలే భాగాలతో గాలి బలం పుట్టించకూడదని రూలుంది. ఫ్యాను తిరుగుతుంది, కాబట్టి కదిలే భాగమే. అయితే ఒక వస్తువు ఏ పనికి పెట్టారన్నది దాని ప్రధాన ఉద్దేశాన్ని బట్టి కదా తేలాలి? అందుకని రేడియేటర్‌ని తీసుకెళ్లి ఇంజను నెత్తిన పడుకోబెట్టాడు. ఫ్యాను లాగే గాలిలో సగానికి పైగా ఆ రేడియేటర్ గుండా వెళ్లేలా చూశాడు. సగానికి పైగా చల్లబరచడానికే పోతోంది, కాబట్టి ప్రధానంగా ఇది కూలింగ్ ఫ్యాను, కారుని నేలకి అదమడం దానివల్ల కలిగిన చిన్న అదనపు లాభం, అంతే! మా వైపు పెద్దమనుషుల పంచాయితీలో ఇలాంటి వాదన పెడితే చావడిలో సగం మంది నవ్వుతారు, మిగతా సగం "వాడన్నదాంట్లో తప్పేముందిరా" అంటారు. అక్కడా అదే జరిగింది.

కారు పేరు బీటీ46బీ. 1978 జూన్ 17న స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్‌లో రేసు. ఫ్యాను ఇంజనుతో పాటు గేర్‌బాక్సు మీదుగా తిరిగేది కాబట్టి, నిలబడి ఉన్న కారులో యాక్సిలరేటర్ తొక్కినా కారు టపీమని కిందికి కూర్చునేది. అది చూస్తే గుట్టు రట్టవుతుందని పిట్స్‌లో, అంటే కార్లు ఆపి సరిచేసే చోట, యాక్సిలరేటర్ ఊరికే తొక్కొద్దని డ్రైవర్లకి చెప్పారు. కారు ఆగి ఉన్నప్పుడు ఫ్యానుకి చెత్తడబ్బా మూత కప్పి ఉంచేవాళ్లు. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో కూడా ట్యాంకు నిండా పెట్రోలు పోసి పంపారట, మరీ వేగంగా వెళ్తే అందరి కళ్లూ పడతాయని. అయినా రెండు కార్లూ రెండు, మూడు స్థానాల్లో నిలిచాయి. వేరే కారు నుంచి ట్రాక్ మీద నూనె పడితే అందరూ తడబడుతుంటే బ్రాబమ్ డ్రైవరు నికీ లౌడా మాత్రం రైలు పట్టాల మీద వెళ్లినట్టు ఆండ్రెట్టిని దాటేశాడు, 34 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ ఫ్యాను వెనకున్నవాళ్ల మొహాల మీదకి దుమ్మూ రాళ్లూ ఎగజిమ్ముతోందని ఆండ్రెట్టి మండిపడ్డాడు. ఆ మాటలో నిజం ఎంత, కడుపుమంట ఎంత అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.

ఆ తర్వాత ఆ కారు ఫార్ములా వన్‌లో మరో రేసులో దిగలేదు. ఎకల్‌స్టన్ అప్పటికే మిగతా టీముల సంఘానికి పెద్ద, వాళ్లు ఎదురుతిరిగేసరికి ఆ పెత్తనం పోగొట్టుకోవడం కంటే ఒక కారు వదులుకోవడమే నయమనుకున్నాడు. గెలుపుని మాత్రం రద్దు చేయలేదు. ఒక్క రేసు, ఒక్క గెలుపు. నన్నడిగితే ఆ కారుని రూలు కాదు, రాజకీయం ఆపింది.

ముర్రే ఊరుకున్నాడా? 1981లో స్కర్టులు జారకూడదని, కారు నేలకి ఆరు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని కొత్త రూలు పెట్టారు. ఎత్తు కొలిచేది కారు ఆగి ఉన్నప్పుడే. పరుగులో ఎవడు కొలుస్తాడు? ముర్రే గాలి, నూనెలతో పనిచేసే సస్పెన్షన్ పెట్టాడు, వేగం పుంజుకోగానే గాలి బలానికి కారు కిందికి దిగిపోయేది, పిట్స్‌కి వచ్చేసరికి మెల్లగా లేచి ఆరు సెంటీమీటర్లు చూపించేది. కాటా పళ్లెం కింద అయస్కాంతం పెట్టిన వ్యాపారిలాగా అన్నమాట. ఆ ఏడాది బ్రాబమ్ డ్రైవరు నెల్సన్ పికే ఒక్క పాయింటు తేడాతో చాంపియన్.

1982లో ఇంకోటి చేశాడు. ట్యాంకులో సగమే పెట్రోలు పోసి, మెత్తటి టైర్లతో పంపి, మధ్యలో ఆపి పెట్రోలు పోయించి టైర్లు మార్పించడం. బండి తేలికైతే ఆపడంలో పోయిన సెకన్లన్నీ తిరిగొస్తాయని లెక్క. కొత్త టైర్లు చల్లగా ఉంటే పట్టుండదని చెక్కపెట్టెలో హీటరు పెట్టి వేడి చేశారు, అరటిగెలలకి పొగ పెట్టినట్టు. 1984కి పెట్రోలు పోయడం నిషేధించారు. ఇక అందరి సొరంగాలనీ మూస్తూ 1983కి చదునైన ఫ్లోరు తప్పనిసరి చేశారు. దాదాపు సిద్ధమైన కారుని పక్కన పడేసి ముర్రే బృందం మూడు నెలల్లో బాణంలాంటి బీటీ52 తయారు చేసింది, పికే మళ్లీ చాంపియన్, టర్బో ఇంజనుతో ఆ టైటిల్ గెలిచిన మొదటివాడు.

అన్నీ గెలుపులే అనుకోకండి. 1986 నాటి బీటీ55లో ఎత్తు తగ్గించాలని ఇంజనుని పక్కకి వాల్చేశారు, దాంతో ఇంజనులో నూనె సరిగ్గా తిరగలేదు, కారు నడవలేదు. ఆ మే నెలలో ఫ్రాన్స్‌లో టెస్టింగ్‌లో అదే కారు వెనక రెక్క ఊడిపోయి ఎలియో డి ఏంజెలిస్ అనే డ్రైవరు ప్రాణం పోయింది. ముర్రే బ్రాబమ్ వదిలేశాడు. మెక్‌లారెన్ అనే ఇంకో టీములో చేరాక 1988లో వాళ్ల ఎంపీ4/4 కారు పదహారు రేసుల్లో పదిహేను గెలిచింది. దాని డిజైన్ ఘనత ఎవరిదని ముర్రేకీ అక్కడి మరో డిజైనర్ స్టీవ్ నికల్స్‌కీ మధ్య వాదన ఇప్పటికీ తెగలేదు. ఈ విషయంలో డిజైనర్ల బతుకు సంక్రాంతి పుంజుని మేపినవాడి బతుకులాంటిదే, బరిలో గెలిచాక పుంజు పేరు, పందెం కాసినవాడి పేరే వినపడతాయి, నెలల తరబడి బాదం పప్పు పెట్టి మేపినవాడిని ఎవడూ అడగడు.

1988లో మెక్‌లారెన్ ఓడిన ఒకే ఒక్క రేసు ఇటలీది. అది అయ్యాక మిలాన్ విమానాశ్రయంలో విమానం ఆలస్యమైతే ముర్రే, మెక్‌లారెన్ పెద్ద రాన్ డెన్నిస్ వగైరాలు కూర్చుని రోడ్డు మీద నడిచే ఒక గొప్ప కారు చేద్దామనుకున్నారు. 1992లో చూపించిన మెక్‌లారెన్ ఎఫ్1 అదే. డ్రైవరు సీటు మధ్యలో, ఇంజను గది లోపల వేడి తగలకుండా బంగారు రేకు, అన్నీ కలిపి 106 కార్లు. దాని రేసు రూపం 1995లో ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్ రేసు గెలిచింది. ఈ కారు గురించి ఎంతైనా రాయొచ్చు, అయితే మన కథ ఫ్యానుది. ఎఫ్1 అడుగున రెండు చిన్న ఫ్యాన్లు ఉన్నాయని మాత్రం గుర్తుంచుకోండి.

నాకు ఆయన చేసినవాటిలో బాగా నచ్చింది ఇంకోటుంది. 2016లో చూపించిన ఓఎక్స్ అనే ట్రక్కు. ఆఫ్రికాలో దారి లేని ఊళ్ల కోసం గీసింది. మంచం విడదీసి కట్టినట్టు భాగాలు కట్టి పంపితే అక్కడే బిగించుకోవచ్చు, స్టీరింగు మధ్యలో, 1,900 కిలోల బరువు మోస్తుంది. వెనక బెంచీ సీట్ల అడుగు చట్రాలు ఊడదీసి, ఇసకలోనో బురదలోనో దిగబడిన చక్రం కింద పరుచుకోవచ్చు. లంక గ్రామాల్లో ట్రాక్టరు ఇసకలో కూరుకుంటే మనవాళ్లు కొబ్బరి మట్టలు పరుస్తారు కదా, ఆ పనే సీటు చేస్తుంది. 386 కిలోమీటర్ల వేగం అందుకున్న కారు గీసిన చెయ్యే ఇదీ గీసింది.

2020లో, డెబ్భై దాటాక, ముర్రే తన సొంత కంపెనీ నుంచి టీ.50 తెచ్చాడు. బరువు 986 కిలోలు. వెనక్కి తిరిగి చూస్తే నడిబొడ్డున 40 సెంటీమీటర్ల ఫ్యాను! రోడ్డు కారుకి రేసు రూలు లేదు కదా. దాని ట్రాక్ రూపానికి నికీ లౌడా పేరు పెట్టాడు, 2021 ఫిబ్రవరి 22న లౌడా పుట్టినరోజున బయటపెట్టాడు. లౌడా అప్పటికి లేడు.

ఇప్పుడు మా వాడి ప్రశ్న. ఒక కారు వెనకే ఇంకో కారు దగ్గరగా వెళ్లలేకపోతోంది, పై రెక్కల గాలి చెదిరి వెనకవాడిని చెడగొడుతోందని 2022లో సొరంగాలు తిరిగి తెచ్చారు. తెచ్చిన మొదటి టెస్టుల్లోనే కార్లు గుర్రాల్లా ఎగిరెగిరి పడ్డాయి. గాలి కారుని కిందికి లాగుతుంది, మరీ దగ్గరైతే సందు మూసుకుపోయి లాగుడు తెగుతుంది, కారు లేస్తుంది, మళ్లీ లాగుతుంది. బాకూలో రేసు అయ్యాక లూయిస్ హామిల్టన్ అనే డ్రైవరు నడుం పట్టుకుని కారు దిగాడు. 2023కి ఫ్లోరు అంచుల్ని 15 మిల్లీమీటర్లు పైకి లేపించారు. అయినా కారుని నేలకి దగ్గరగా, రాయిలా గట్టిగా ఉంచితేనే వేగం కాబట్టి డ్రైవర్ల నడుములకి పూర్తి సుఖం రాలేదు. 2026లో సొరంగాలు మళ్లీ పోయాయి.

ఇదంతా విని మావాడు ఫోన్ పక్కన పెట్టి, సీనియర్లు ఇచ్చిన పాత రూల్ బుక్కు ప్రింటవుటు బ్యాగులోంచి తీశాడు. విద్యార్థుల కార్ల పోటీది. కారు కింది గాలిని యంత్రంతో లాగకూడదు, కేవలం కూలింగ్ కోసం పెట్టిన ఫ్యాన్లకి మినహాయింపు, అని ఉంది. వాడు "కేవలం" అన్నమాట కింద పెన్నుతో గీత గీశాడు.

"ప్రధానంగా అని రాసుంటే బాగుండేది కదా మావయ్యా" అన్నాడు.