యాప్ వస్తే ఆన్‌లైన్ బోధన వచ్చినట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్ బోధనకు శిక్షణ అనగానే టీచర్లు మొదట అడిగేది "ఏ యాప్ నేర్పిస్తారు?" అనే. శిక్షణ ఏర్పాటు చేసేవాళ్లదీ అదే ధోరణి. రెండు గంటల వెబినార్ పెట్టి, స్క్రీన్ షేర్, పోల్, బ్రేకౌట్ రూమ్ (క్లాసును చిన్న గుంపులుగా విడదీసే ఆన్‌లైన్ గది) చూపించి, చివర్లో సర్టిఫికెట్ చేతికిస్తారు. మర్నాటి నుంచి క్లాసులు మళ్లీ పాత పద్ధతిలోనే!

అపోహ: టూల్ వస్తే బోధన వచ్చినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం దీనివల్లే. బటన్లు ఎక్కడున్నాయో ఒక పూటలో తెలిసిపోతుంది. అప్‌డేట్ వస్తే వాటి చోటు కూడా మారిపోతుంది. అసలు కష్టం, ముఖాలు కనబడనప్పుడు ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో కనిపెట్టడం. తరగతి గదిలో ఆ పని మన కళ్లే చేసేస్తాయి. ఆన్‌లైన్‌లో దాన్ని ముందే పాఠంలో అమర్చుకోవాలి.

"అర్థమైందా?" అని అడిగితే చాట్‌లో నలుగురు "యెస్" కొడతారు. మిగతావాళ్ల సంగతి? అందుకే సుమారు పది నిమిషాలకొక ప్రశ్న సిద్ధంగా ఉంచుకోండి. నాలుగు ఆప్షన్లు ఇస్తే, అందులో మూడు తప్పు జవాబులూ విద్యార్థులు నిజంగా చేసే తప్పులే అయి ఉండాలి. 1/2 + 1/3 ఎంత అని అడిగితే, పై అంకెలూ కింది అంకెలూ విడివిడిగా కూడేసేవాళ్లకు వచ్చే 2/5 ఉండి తీరాలి. దాన్ని ఎంతమంది ఎంచుకున్నారో చూస్తే తర్వాతి ఐదు నిమిషాలు ఏం చెప్పాలో తేలిపోతుంది. జవాబు చాట్‌లో రాయమంటే "టైప్ చేసి ఉంచండి, నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కొద్దు" అనండి. లేదంటే మొదట వచ్చిన జవాబునే మిగతావాళ్లు దించేస్తారు.

ప్రశ్న వేశాక ఆగడమూ సాధన మీద వచ్చేదే. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970ల్లో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మెరుగయ్యాయి కూడా. అది మామూలు తరగతి లెక్క. ఆన్‌లైన్‌లో నెట్ ఆలస్యం, మ్యూట్ తీయడం, టైప్ చేయడం అన్నీ కలుస్తాయి కాబట్టి పది పదిహేను సెకన్లు ఇవ్వండి. ఆ నిశ్శబ్దం మొదట్లో ఎవరికైనా ఇబ్బందే. మాటలతో పూడ్చేయకుండా గడియారం చూసుకోండి.

ఇవేవీ వెబినార్ వింటే రావు. విన్నది, చూసింది తరగతిలోకి వెళ్లాలంటే సాధన, ఫీడ్‌బ్యాక్, ఆపైన పక్కనుండి సాయపడే కోచింగ్ కావాలని టీచర్ల శిక్షణపై పరిశోధించిన జాయిస్, షవర్స్ 1980ల నుంచే చెబుతూ వచ్చారు. ఖర్చు లేని దారి ఒకటుంది. ఇద్దరు టీచర్లు జతకట్టి, ఒకరు పది నిమిషాల పాఠం చెప్పి రికార్డ్ చేయాలి. విద్యార్థులుంటే ముందే అనుమతి తీసుకోవాలి. రెండోవారు మూడే రాసుకోవాలి: టీచర్ మాట్లాడిన సమయం, ప్రశ్న తర్వాత ఆగిన సెకన్లు, జవాబిచ్చినవారి సంఖ్య. "బాగుంది", "ఇంకాస్త ఉత్సాహంగా చెప్పాల్సింది" లాంటివి అక్కర్లేదు. ఒకే ఒక్క మార్పు ఎంచుకుని వారంలోపు మళ్లీ చేయాలి. ఈ రికార్డింగులు పనితీరు మదింపుకు వెళ్లాయా, ఇక అంతే. టీచర్లు సాధన మానేసి నటన మొదలుపెడతారు.

అపోహ: బ్రేకౌట్ రూమ్‌లలోకి పంపితే చర్చ దానంతటదే జరుగుతుంది.

చాలాసార్లు గదిలోకి వెళ్లగానే మీరు షేర్ చేసిన స్లైడ్ వాళ్లకు కనబడదు. "ఏం చేయమన్నారు?" అనుకోవడంతోనే సగం సమయం పోతుంది. పని ఏమిటి, ఎన్ని నిమిషాలు, చివర్లో ఎవరు చెప్పాలి అన్నవి రాసిన ఒక పేజీ లింకును ముందే చాట్‌లో పెట్టండి. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురికి మించితే ఎవరో ఒకరు మౌనంగా ఉండిపోతారు.

అపోహ: వీడియో ఆరు నిమిషాలు దాటకూడదని పరిశోధన తేల్చింది.

2014లో ఫిలిప్ గువో బృందం ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్‌లోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. వీడియో ఎంత పొడవైనా మధ్యస్థ వీక్షణ సమయం ఆరు నిమిషాలు దాటలేదు. అది చూసిన సమయమే, నేర్చుకున్నదానికి కొలత కాదు. పాఠాన్ని ఆరో నిమిషంలో నరికేయడం కాదు, ఒక భావన ముగిసిన చోట విడదీయండి.

అపోహ: కెమెరా ఆన్‌లో ఉంటే శ్రద్ధగా వింటున్నట్టే. కాదు. పైన చెప్పిన పది నిమిషాలకొక ప్రశ్నకు జవాబు వస్తోందా లేదా చూడండి.

అపోహ: ఇదంతా కుర్ర టీచర్లకే.

ఈ మాట విని వెనక్కి తగ్గుతున్న సీనియర్లకు ఒక్క విషయం. పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో తెలిసినవాళ్లు మీరే, పైన చెప్పిన తప్పు ఆప్షన్లు మీరే బాగా రాయగలరు. మిగిలింది సాంకేతిక భయం. దాన్ని తగ్గించుకోవడానికి, క్లాసుకు అరగంట ముందు రెండో ఫోన్‌తో విద్యార్థిలా చేరి చూడండి. మీ మాట వినబడుతోందా? వీడియో ప్లే చేస్తే శబ్దం వస్తోందా? రాకపోతే, షేర్ చేసేటప్పుడు శబ్దాన్నీ పంపే ఆప్షన్ టిక్ చేశారో లేదో చూసుకోండి. పంపబోయే లింకులను లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. అక్కడ పర్మిషన్ అడిగితే విద్యార్థులకూ తెరుచుకోకపోవచ్చు. షేరింగ్ సెట్టింగ్ మార్చి మళ్లీ చూసుకోండి.