షటిల్స్‌వర్త్ పాస్టర్ గారు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు అమెరికా చరిత్ర చెబుతాను. 1950, 60ల్లో నల్లవాళ్లు సమాన హక్కుల కోసం చేసిన పౌర హక్కుల ఉద్యమం పాఠానికి రాగానే ఏటా ఇవే అపోహలు ఎదురవుతాయి.

అపోహ: ఆ నాయకులను 'మినిస్టర్' అంటారు కాబట్టి వాళ్లు మంత్రులు.

వాస్తవం: ఇక్కడ మినిస్టర్ అంటే చర్చి పాస్టర్. జవాబు పత్రాల్లో ఈ తప్పు ఎన్నిసార్లు దిద్దానో! అప్పట్లో దక్షిణాది రాష్ట్రమైన అలబామాలో నల్లవాళ్లలో చాలామందిని ఓటు నమోదుకే రానిచ్చేవారు కాదు, ఇక మంత్రి పదవి ఎక్కడిది? పాస్టర్‌ని పోషించేది నల్లవాళ్ల సంఘమే. తెల్ల యజమాని పనిలోంచి తీసేస్తాడన్న భయం ఆయనకు లేదు. పాస్టర్లు ముందు నిలబడగలగడానికి అదొక పెద్ద కారణం.

అపోహ: ఉద్యమమంటే మార్టిన్ లూథర్ కింగ్ ఒక్కరే.

వాస్తవం: 1963లో కింగ్ అలబామాలోని బర్మింగ్‌హామ్ వెళ్లింది అక్కడి ఉద్యమ నాయకుడు, పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ పిలిస్తేనే. 1956లో అలబామాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థను కోర్టు అడ్డుకుంటే, వారం తిరక్కుండానే ఆయన కొత్త సంఘం పెట్టారు. ఆ ఏడు క్రిస్మస్ రాత్రి ఆయన పడకగది దగ్గరే డైనమైట్ పేలింది. ఇల్లు కూలిపోయింది. ఆ శిథిలాల్లోంచి ఆయన నడుచుకుంటూ బయటికొచ్చారు. నల్లవాళ్ల మీద దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ ముఠా మనిషైన ఒక పోలీసు, నేనైతే ఊరు వదిలిపోతాను అన్నాడు. దేవుడు తనను కాపాడింది పారిపోవడానికి కాదన్నారు పాస్టర్ గారు. మర్నాడే జనాన్ని వెంటబెట్టుకుని బస్సుల్లో తెల్లవాళ్ల సీట్లలో కూర్చున్నారు. ఇంతటి మనిషి పేరు విన్న విద్యార్థి నాకు ఇంతవరకూ తగల్లేదు, అదే నా బాధ.

అపోహ: అహింస అంటే మెతకతనం.

వాస్తవం: 1957 సెప్టెంబరులో కూతుళ్లను తెల్లపిల్లలు చదివే ఫిలిప్స్ హైస్కూల్లో చేర్పించడానికి షటిల్స్‌వర్త్ కారులో వెళ్లారు. తెల్లవాళ్ల గుంపు గొలుసులతో ఆయన మీద విరుచుకుపడింది. భార్య రూబీని తుంటి మీద పొడిచారు. ఆయన తలకు పెద్ద గాయమేదీ కాలేదని డాక్టర్ ఆశ్చర్యపోతే, "గట్టి ఊళ్లో బతకాలని దేవుడికి తెలుసు, అందుకే పుర్రె కూడా గట్టిదే ఇచ్చాడు" అన్నారట.

ఆ గట్టిదనం తెల్లవాళ్ల దగ్గరే కాదు, కింగ్ దగ్గరా చూపించారు. 1963 మే నెలలో బర్మింగ్‌హామ్ తెల్ల వ్యాపారులతో ఒప్పందం కోసం ప్రదర్శనలు ఆపుదామని కింగ్ అంటే, ఒప్పుకోనని మొహమ్మీదే గొడవపడ్డారు. అప్పటికి షటిల్స్‌వర్త్‌కు, ప్రదర్శనకారుల మీదికి వదిలిన ఫైర్ హోసు నీళ్ల దెబ్బ ఇంకా తగ్గలేదు.