అక్కడ కలిపేది, ఇక్కడ వదిలించుకునేది

2025 మార్చిలో అమెరికాలోని యూటా, తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడాన్ని నిషేధించిన తొలి రాష్ట్రమైంది. రెండు నెలలు తిరక్కుండానే ఫ్లోరిడా కూడా అదే బాట పట్టింది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా నలిగిన నల్లగొండ మనిషి ఈ వార్త చదివితే ముందు వచ్చే సందేహం ఒకటే: ఫ్లోరైడ్‌ను నీళ్లలో కావాలని కలిపేవాళ్లు కూడా ఉంటారా?

ఉన్నారు, ఎనభై ఏళ్లుగా కలుపుతున్నారు. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడికి అక్కడి జనం పళ్ల మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. మన పల్లెల్లో గారపళ్లు అంటామే, అవే. విచిత్రమేమిటంటే ఆ పళ్లు పుచ్చడం తక్కువ. కారణం ఫ్లోరైడ్ అని 1931లో గానీ తేలలేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఆపితే మచ్చలు పెద్దగా పడవని, పిప్పిపళ్లూ తగ్గుతాయని తర్వాత లెక్క కట్టారు. 1945 జనవరి 25న మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో నీళ్లలో కలపడం మొదలైంది.

దానికి ఎనిమిదేళ్ల ముందే, 1937లో, ఇదే ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే ఏం చేస్తుందో మన దగ్గర రికార్డుకెక్కింది. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో వెన్ను బిగుసుకుపోయి వంగలేని మనుషుల గురించి షార్ట్ అనే పరిశోధకుడి బృందం వైద్య పత్రికలో రాసింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు పీడిస్తున్న ప్రాంతాల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకర తిరిగిన పిల్లల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది. చెరువులు ఎండి జనం బోర్ల మీద ఆధారపడేకొద్దీ అదే నీళ్లు బిందెల్లోకి చేరాయి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) కనిపెట్టిన విరుగుడుకు మన జిల్లా పేరే పెట్టారు: నల్లగొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక వేసి కలిపి, అడుగున మడ్డి పేరుకున్నాక పైనీళ్లు వంచుకోవాలి. పద్ధతి మంచిదే. కానీ రోజూ ఆ కొలతలు చూసుకుంటూ, ఆ మడ్డిని ఎక్కడో పారబోస్తూ బతకమని కూలికి వెళ్లే ఇల్లాలికి చెప్పడం న్యాయం కాదు. ఆ ఊళ్లకు కావలసింది నది నీళ్లు. ఆ సమస్య మీద దేశం దృష్టి పడాలనే 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి నల్లగొండలో వందలమందితో నామినేషన్లు వేయించింది. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ ఒక పుస్తకమంత అయింది. ఎన్నికల డిపాజిట్ ఆ ఏడాదే పెరిగింది. నీళ్లకు మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం మొదలైందే 2016లో. అప్పటికే వంగిన ఎముకను ఏ నీళ్లూ సరిచేయలేవు.

ఇప్పటి గొడవకు మూలం 2024 ఆగస్టులో అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం ఇచ్చిన నివేదిక. మన దేశం, చైనా వంటి చోట్ల జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం ఉందని, ఓ మోస్తరు నమ్మకంతో చెప్పింది. అమెరికాలో కలిపేది 0.7 మాత్రమే. ఆ మోతాదు గురించి తేల్చడానికి ఆధారాలు చాలవని కూడా అదే నివేదికలో ఉంది. కాబట్టి ఈ వార్త చూపించి ఇక్కడ ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు మీద భయం పుట్టించడం తప్పు.

మనం చూడాల్సింది ఆ 1.5 అంకెను. మన తాగునీటి ప్రమాణంలో ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా పర్వాలేదు అని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5యే, అయితే వాతావరణాన్ని, మనిషి తాగే నీటిని బట్టి దాన్ని సరిచూసుకోమని ఆ సంస్థే చెబుతోంది. మే నెల ఎండలో పొలం పని చేసే మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగితే, ఆ హద్దులో ఉన్న నీళ్లతోనే 6 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్తుంది. ఆ మనిషికి 1.5 సరైన హద్దేనా?