డేరాల కర్నూలు నుంచి తాత్కాలిక సచివాలయం దాకా

ఆంధ్రుల రాజధాని కథలో ‘తాత్కాలికం’ అనే మాట 2014లో పుట్టిందనుకుంటే పొరపాటు.

1937 నవంబరు 16న మదరాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ‘శ్రీబాగ్’లో కోస్తా, సీమ నాయకులు ఒక ఒడంబడికకు వచ్చారు. కోస్తా పెత్తనం కింద నలిగిపోతామన్న సీమ భయాన్ని తీర్చడానికే ఆ ఏర్పాటు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోస్తాకు, రెండోది సీమకు. ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. అప్పటికింకా రాష్ట్రమే లేదు!

రాష్ట్రం కావాలంటే మదరాసు నగరంపై ఆశ వదులుకోవాలని 1949లో కాంగ్రెస్ వేసిన జేవీపీ కమిటీ తేల్చింది. అందులో మొదటి అక్షరం జవాహర్‌లాల్ నెహ్రూది, రెండోది వల్లభ్‌భాయ్ పటేల్‌ది, మూడో అక్షరం మన పట్టాభి సీతారామయ్యది. పొట్టి శ్రీరాములు ఆ ఆశ వదులుకోలేదు. మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చుని, డిసెంబరు 15న కన్నుమూశారు. నాలుగు రోజులకే నెహ్రూ ప్రకటన వచ్చింది. రాష్ట్రం దక్కింది, మదరాసు దక్కలేదు. కొన్నేళ్లపాటైనా అక్కణ్నుంచే పాలించుకోనివ్వాలన్న, రాష్ట్ర ఏర్పాటుపై కేంద్రానికి నివేదిక ఇచ్చిన జస్టిస్ వాంఛూ సూచనకూ తమిళ నేతలు ససేమిరా అన్నారు.

ఇక మిగిలింది మనలో మన తగాదా. కమ్యూనిస్టులు విజయవాడ అన్నారు. శ్రీబాగ్ మాట నిలబెట్టాలన్న పక్షం నెగ్గి, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. చాలినన్ని భవనాలు ఎక్కడివి? ఉద్యోగులు డేరాల్లో సర్దుకున్నారు. హైకోర్టు మరుసటేడు గుంటూరులో వెలసింది.

మూడేళ్ల ఒక నెల. అంతే, 1956 నవంబరు 1న అన్నీ సిద్ధంగా ఉన్న హైదరాబాదుకు మకాం మారింది. రాజధానీ, హైకోర్టూ రెండూ అక్కడికే వెళ్లాయి. శ్రీబాగ్‌లో సీమకు ఇచ్చిన మాట అలా గాలికి పోయింది.

2014 విభజన చట్టం హైదరాబాదును పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంచింది. కానీ రెండేళ్లకే ఉద్యోగులు అమరావతి ప్రాంతంలోని వెలగపూడికి తరలారు. అక్కడి భవనానికి పేరే ‘తాత్కాలిక సచివాలయం’. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ఆలోచన బయటికి రాగానే, న్యాయ రాజధానిగా కర్నూలు పేరుతోపాటు శ్రీబాగ్ కాగితమూ మళ్లీ దుమ్ము దులుపుకుంది. ఆ ఆలోచనతో చేసిన చట్టాలను 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు.

ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న తీరిపోయింది. అప్పటికీ సచివాలయం వెలగపూడిలోని ఆ తాత్కాలిక భవనాల్లోనే నడుస్తోంది.