గోడెక్కిన గులాబీ

విజయనగరం

చిట్టీ, నానీ,

మీ ఉత్తరం అందింది. శ్రీకాకుళంలో మీరు కొత్తగా దిగిన అద్దింటి పెరట్లో గులాబీ గోడ దాటి పక్కింటివాళ్ళ దండెం దాకా పోయిందనీ, ఒక్క పువ్వయినా పూయడం లేదనీ రాశారు. "పోతుతాడి ఉన్నట్టు పోతుగులాబీ కూడా ఉంటుందా తాతయ్యా?" అని నాని అడిగినందుకు మీ నాన్నమ్మ పొద్దున్నుంచి నవ్వుతూనే ఉంది. నవ్వాల్సిన ప్రశ్న కాదది. తాటిలో, బొప్పాయిలో మగ చెట్లు వేరేగా ఉంటాయి. వాడు చూసిందే అడిగాడు. గులాబీలో మాత్రం ఆడా మగా ఒకే పువ్వులో ఉంటాయి.

మరెందుకు పూయదు? చిన్నాన్న పెళ్ళిలో బంతి భోజనాలు గుర్తున్నాయా? చెట్టు కూడా అలాంటి పందిరే. వేళ్ళు వంటశాల. కొమ్మలు బంతిలో కూర్చున్నవాళ్ళు. పువ్వంటే ఆఖర్న వడ్డించే బూరె. ఎవరూ కత్తిరించని చెట్టులో ముసలి కొమ్మలు తినడం అయినా విస్తరి ముందు నుంచి లేవవు. పుల్లల్లాంటి సన్న కొమ్మలు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుంటాయి. ఉన్నది తలా ఒక ముద్ద పంచేసరికే గుండిగ ఖాళీ. బూరెల దాకా ఎక్కడొస్తుంది?

వంట చేసేవి ఆకులు కదా అని చిట్టి సైన్స్ పుస్తకం తెస్తుంది. నిజమే. వంటవాళ్ళు కూడా బంతిలోనే కూర్చున్నారనుకో! పొయ్యి మాత్రం సూర్యుడిది. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగలకపోతే అది సరిగా రాజుకోదు. పక్కన మామిడి కొమ్మ నీడ పడుతోందేమో చూడండి. మీ నాన్న నెలనెలా యూరియా వేస్తున్నాడట. అది అన్నం మీద అన్నం వడ్డించడమే. ఆకులు, కొమ్మలు బలుస్తాయి, అంతే.

ఇక పిలవని చుట్టం సంగతి. నర్సరీలో గులాబీని అంటు కడతారు. గట్టి వేళ్ళున్న మొరటు రకం మొక్క మీద మంచి పువ్వుల రకం కన్ను, అంటే చిగురు పుట్టే మొగ్గ, అతికిస్తారు. చెట్టు మొదలు దగ్గర, మట్టికి కాస్త పైనో కిందో, బుడిపెలా కనిపించేదే ఆ అంటు. దాని కింద నుంచి పిలక వచ్చిందంటే వాడు వంటశాల గుమ్మంలోనే చాప వేసుక్కూర్చున్నట్టు. గిన్నె బయటికి రాకముందే తినేస్తాడు. చాలాసార్లు గోడెక్కేది వాడే. చిట్టి ఆకులు లెక్కపెడుతుంది, నాకు తెలుసు. పిలకలో రెమ్మకి అయిదుకి బదులు ఏడు చిన్నాకులు ఉండొచ్చు. అయితే మంచి రకాల్లో కూడా ఏడు వస్తాయి. కాబట్టి ఆ లెక్క నమ్మి కత్తెర పెట్టకండి. మట్టి తవ్వి మొదలు చూడండి. బుడిపె కింద నుంచి వచ్చినదైతే పైపైన కోయకూడదు, మళ్ళీ వస్తుంది. మొదలంటా పీకెయ్యాలి.

నా చిన్నప్పుడు మా పెరట్లో అంటు గులాబీలు ఎక్కడివి! నాటు గులాబీ ఒకటుండేది. రేకలు ముట్టుకుంటే రాలిపోయేవి, వాసన మాత్రం వీధి గుమ్మం దాకా వచ్చేది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యేదాకా మా అమ్మమ్మ దాని మీద కత్తి పెట్టనిచ్చేది కాదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం, గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే పొడుగాటి చింతమాను, మూడుసార్లు తిరుగుతుంది. మాను కొసన పూజారి, కింద జనం విసిరే అరటిపళ్ళు. ఒక ఏడాది ఓ పండు నా నెత్తిమీద పడి చితికింది. అమ్మవారి ప్రసాదమని మర్నాటి దాకా తల కడుక్కోనివ్వలేదు అమ్మమ్మ. చీమలు పట్టినా సరే!

ఆవిడ లెక్కలో అర్థముంది. అప్పటికి వానలు వెనకబడతాయి, చలి మొదలవుతుంది. తడిలో కోస్తే కొమ్మ కొస నుంచి కుళ్ళుతూ దిగుతుంది. కాకపోతే మనకి అక్టోబరు తుఫానుల నెల కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ఆకాశం చూసుకుని మొదలుపెట్టండి.

ముందు ఇల్లుగలవాళ్ళని అడగండి. చెట్టు వాళ్ళది. అడగకుండా చెయ్యి వేయడం మంచి పనికైనా తప్పే.

ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసెయ్యండి. ముసలి కొమ్మల్లో ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని. మిగిలిన వాటిని బయటివైపు చూసే కన్నుకి పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. ఆరేడు వారాల్లో పూత కనిపించాలి. ఒకవేళ అది తీగ గులాబీ అయితే నిరుటి కొమ్మల మీదే పూసే రకం కావచ్చు. అన్నీ నరికేస్తే ఈ ఏటి పువ్వులు పోయినట్టే. అలాంటప్పుడు పొడుగు కొమ్మల్ని గోడ వెంట అడ్డంగా వంచి కట్టండి. వంచిన కొమ్మ పొడుగునా కళ్ళు లేస్తాయి.

నిటారుగా ఉన్న కొమ్మకి మాత్రం కొసనున్న చిగురు కింది కళ్ళని లేవనివ్వదు. కొస కోసేస్తే నెలల తరబడి కదలని కన్ను లేస్తుంది! ఎన్నేళ్ళు చూసినా నాకు విడ్డూరమే. పైది ముందు లేస్తుందా, కిందిదా? చిగురు ఆకుపచ్చగా వస్తుందా, ఎర్రగానా? నేను చెప్పను. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసి నాకు రాయండి. అన్నట్టు, ఆ యూరియా డబ్బా అటక మీద పెట్టమని మీ నాన్నకి చెప్పండి.

మీ తాతయ్య