స్లీవ్ నుంచి బైపాస్‌కు మారడం: అపోహలు – వాస్తవాలు

బరువు తగ్గడానికి స్లీవ్ (జీర్ణాశయాన్ని చాలావరకు తొలగించి సన్నని గొట్టంలా మిగిల్చే శస్త్రచికిత్స) చేయించుకుని కొన్నేళ్లు గడిచాక బరువు తిరిగి పెరిగినవారు నా ఎదుట కూర్చోగానే చెప్పే మాట దాదాపు ఒకటే: "సంచి సాగిపోయింది డాక్టరుగారూ, బైపాస్‌కు మార్చేయండి." సంచి అంటే మిగిలిన జీర్ణాశయం; బైపాస్ అంటే జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి, పేగులో కొంత భాగాన్ని దాటించి కింది పేగుకు అతికే శస్త్రచికిత్స. జబ్బేమిటో, వైద్యమేమిటో రెండూ వారే తేల్చుకుని వస్తారు. బరువు పెరగడం తమ తప్పేనని లోలోపల కుమిలిపోతున్న మనిషి ఆ తప్పును సంచి మీదికి నెట్టుకుంటే నేను ఆక్షేపించను. పరీక్ష ఏదీ లేకుండానే "సాగింది, మార్పించుకోండి" అని వీడియోల్లో తీర్పులిచ్చేవారి మీద మాత్రం నాకు ఓపిక లేదు.

అపోహ: బరువు పెరిగిందంటే సంచి సాగినట్టే; బైపాస్‌కు మారితే మొదటిసారి తగ్గినంతా మళ్లీ తగ్గుతాము.

వాస్తవం: స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా తొలగిస్తాము. మిగిలిన గొట్టం కాలక్రమంలో కొంత వెడల్పు కావడం మామూలే. బరువు చక్కగా నిలబెట్టుకున్నవారిలోనూ అది కనిపిస్తుంది కాబట్టి, స్కానులో గొట్టం వెడల్పుగా ఉన్నంత మాత్రాన కారణం దొరికిందనుకోవడానికి వీల్లేదు. ఇక రెండో శస్త్రచికిత్స సంగతి. మొదటిసారి అంత బరువు తగ్గడానికి జీర్ణాశయం చిన్నదవడమే కాక, ఆకలిని పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే పైభాగం తొలగిపోవడం కూడా తోడ్పడింది. ఆ లాభం అప్పుడే వాడుకున్నాము. బైపాస్ దానికి కొంత కలుపుతుందే తప్ప, లెక్కను మళ్లీ మొదటి నుంచి ప్రారంభించదు. అందువల్ల కేవలం బరువు కోసం మారినవారిలో తగ్గుదల సాధారణంగా మొదటిసారికంటే తక్కువగా ఉంటుంది; పాత కోతల చుట్టూ అవయవాలు అతుక్కుని ఉండటం వల్ల కుట్ల దగ్గర లీక్, రక్తస్రావం వంటి ప్రమాదాలు మాత్రం మొదటిసారికంటే ఎక్కువ.

ఒకావిడ ఇలాగే మార్పిడికి సిద్ధపడి వచ్చారు. ఎండోస్కోపీలో లోపమేమీ లేదు, బేరియం పరీక్షలో (తెల్లని ద్రవం తాగించి తీసే ఎక్స్‌రేలో) గొట్టం తిన్నగానే ఉంది. వాడుతున్న మందులన్నీ బల్ల మీద పెట్టమంటే, చేతిసంచి అడుగు నుంచి మడతలు పడిన ఒక చీటీ బయటికొచ్చింది: ఆయాసానికి మరొక డాక్టరు రాసిన స్టెరాయిడ్ మాత్రలు, నెలల తరబడి వాడుతున్నవి. ఆకలిని పెంచి బరువును పోగుచేసే మందు అది. భోజనం ఆవిడ నిజంగానే కొద్దిగా తింటున్నారు, కానీ నీరసమని రోజంతా తియ్యని పానీయాలు గుక్క గుక్కగా తాగుతున్నారు. ఘనాహారాన్ని ఆపినట్టు స్లీవ్ ద్రవాలను ఆపలేదు. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానకూడదు కాబట్టి ఆ డాక్టరుతో మాట్లాడి క్రమంగా తగ్గించాము, పానీయాలు మార్పించాము. బరువు పెరగడం ఆగింది. శస్త్రచికిత్స ప్రసక్తి మళ్లీ రాలేదు. నిర్మాణంలో లోపం లేనివారికి ఇప్పుడు ఆకలిని తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి కనుక, రెండో కోతకు ముందు వాటి గురించి మాట్లాడుకోవడం సబబు.

అపోహ: రెండో శస్త్రచికిత్స బరువు తగ్గనివారికే.

వాస్తవం: స్లీవ్ నుంచి బైపాస్‌కు మార్చడానికి నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం యాసిడ్. స్లీవ్ సన్నని గొట్టం, లోపల ఒత్తిడి ఎక్కువ. దానికి హయాటల్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) తోడైతే ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. బరువు బాగా తగ్గిన ఒకాయన, శస్త్రచికిత్స విఫలమైందని అందరూ అంటారేమోనని మంటను దాచుకుని, దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోయేవారు. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన భార్య. ఏళ్ల తరబడి సాగే రిఫ్లక్స్, అంటే ఆమ్లం ఇలా ఎగదన్నడం, అన్నవాహిక లోపలి పొరను మార్చి బారెట్స్ అనే స్థితికి, అరుదుగా క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఇటువంటివారికి రూ-ఎన్-వై బైపాస్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిలో ఆమ్లం తక్కువగా తయారవుతుంది, పైత్యరసం ఎంతో దిగువన వచ్చి కలుస్తుంది. మినీ బైపాస్‌లో ఒకే అతుకు ఉంటుంది, పైత్యరసం సంచిలోకి ఎదురెక్కే వీలుంది. అందుకే రిఫ్లక్స్ కోసం మారేవారు "బైపాస్" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఏ బైపాసో అడిగి తెలుసుకోవాలి.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అక్కరలేదు. నచ్చకపోతే స్లీవ్‌ను పూర్వస్థితికి తెచ్చుకోవచ్చన్నది అబద్ధం, ఎందుకంటే కోసి తీసేసిన భాగం తిరిగి రాదు. బ్యాండ్ (బరువు తగ్గడానికి జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే పట్టీ) తీసిన రోజే మరో శస్త్రచికిత్స చేయించుకోవచ్చన్నది కొందరికే వర్తిస్తుంది. బ్యాండ్ జీర్ణాశయం గోడలోకి కోసుకుపోయి ఉంటే ముందు దాన్ని తీసి, మానడానికి కొన్ని నెలలు ఆగాలి. కొంతకాలానికి విటమిన్లు మానేయవచ్చన్న మాట నమ్మకండి: ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడవలసినవే. బైపాస్ తర్వాత పొగతాగినా, ఐబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్రలు మింగినా అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ. వాంతులు ఆగకుండా అవుతుంటే అలవాటవుతుందిలే అని ఇంట్లో ఉండిపోవద్దు. వాంతుల వల్ల థయామిన్ (విటమిన్ బి1) లోపిస్తే మెదడు, నరాలు దెబ్బతింటాయి.

మార్పిడి గురించి ఏ సర్జన్‌ను కలవబోతున్నా, మొదటి శస్త్రచికిత్స నాటి ఆపరేషన్ నోట్సు వెంట తీసుకువెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ చాలదు, అందులో తరచుగా శస్త్రచికిత్స పేరు మాత్రమే ఉంటుంది. గొట్టాన్ని ఏ కొలతతో చేశారు, హెర్నియాను అప్పుడే సరిచేశారా లేదా అన్నవి నోట్సులోనే దొరుకుతాయి. అవి మీ దగ్గర లేకపోతే, శస్త్రచికిత్స జరిగిన ఆసుపత్రి రికార్డుల విభాగానికి రాసి అడగండి.