ఫోన్ పాతదైతదా, పాతది చేస్తరా? రూట్, కస్టమ్ రోమ్‌ల ముచ్చట మొదటి నుంచి

మా ఇంట్ల టీవీ కింది డ్రాయర్ల నాలుగు పాత ఫోన్లున్నయ్, చార్జింగ్ పెడితే నాలుగూ ఆన్ అయితయ్. డిస్‌ప్లేలు పగల్లేదు, స్పీకర్లు మోగుతయ్, కెమెరాలు పని చేస్తయ్, అయినా వాటిల మూడు ఎందుకూ అక్కరకు రావు, కంపెనీలు అప్‌డేట్లు ఆపేసినయ్, యాప్‌లేమో పాత ఆండ్రాయిడ్ మీద నడువం అని మొండికేసినయ్. నాలుగోది మాత్రం కంపెనీ వదిలేసి ఏండ్లయినా మంచిగ నడుస్తుంది, ఎందుకంటే దాంట్లున్న సాఫ్ట్‌వేర్ తీసేసి, ఆండ్రాయిడ్ మీదనే బయటి జనం తయారు చేసిన లీనియేజ్ ఓఎస్ ఎక్కించిన. కానీ దాంట్ల గూడ ఇప్పుడు బ్యాంక్ యాప్ తెరుచుకుంటలేదు. ఇక్కడి దాక ఎట్ల వచ్చినం అనేది మొదటి నుంచి చెప్త, ఎందుకంటే చానామంది ఈ రూటింగులు (కంపెనీ తాళం తీసి ఫోన్ల పూర్తి అధికారం తెచ్చుకునుడు), కస్టమ్ రోమ్‌లు (కంపెనీది కాకుండ బయటోళ్లు చేసిన ఫోన్ సాఫ్ట్‌వేర్) అన్నీ పోరగాళ్ల షోకు అనుకుంటున్నరు, మా వరంగల్ దిక్కు ఇది అక్కరతోని మొదలైన పని.

మా దగ్గర "సాఫ్ట్‌వేర్ కొట్టుడు" అనే మాట స్మార్ట్‌ఫోన్ల కంటే పాతది. నోకియా ఫోన్ లోగో కాడ ఆగిపోతే షాపుకు తీస్కపోయేటోళ్లం, ఆయన కంప్యూటర్‌కు ఒక డబ్బా తగిలించి, బ్యాటరీ తీసి, దాని కింద ఉండే పిన్నులకు కేబుల్ ఆనిచ్చి ఫ్లాష్ చేసేటోడు, అంటే సాఫ్ట్‌వేర్ మళ్ల ఎక్కించేటోడు. 2009 నవంబర్ 30 తర్వాత ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్) లేని ఫోన్లకు నెట్‌వర్క్ బంద్ అని సర్కారు అన్నప్పుడు చైనా ఫోన్లున్నోళ్లు నంబర్ ఎక్కించుకోనీకి తిరిగిండ్రు, ఫోన్ లోపల రాసున్నది గూడ మారుతదని అప్పుడే చానామందికి ఎరుకైంది. (ఇయ్యాల ఐఎంఈఐ మార్చుడు నేరం, రోమ్ మార్చుడుకూ దానికీ సంబంధం లేదు, రెండింటినీ కలిపి మాట్లాడేటోళ్లు ఉన్నరు కాబట్టి చెప్తున్న.)

అటు బయట దేశాల్ల 2007 జూన్‌ల ఐఫోన్ వచ్చింది, కొన్ని వారాలకే దాని తాళం తీసే జైల్‌బ్రేక్ గూడ వచ్చింది, 2008ల జే ఫ్రీమన్ అనే ఆయన అట్ల తాళం తీసిన ఫోన్లకు యాప్‌లు ఇచ్చే సిడియా పెట్టిండు. మా దిక్కు ఐఫోన్ చూసినోళ్లే తక్కువ కాబట్టి ఆ కథ మనకు పెద్దగ తాకలే. మనకు తాకిన కథ 2008 అక్టోబర్‌ల అమెరికాల వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1 తోని మొదలైంది. దాంట్ల ఒక విచిత్రమైన బగ్ ఉండె, కీబోర్డ్ మీద ఏం టైప్ చేసినా అది లోపల రూట్ పవర్‌తోని కమాండ్ లెక్క గూడ నడిచేది, దోస్తుకు చాటింగ్‌ల రీబూట్ అనే ముక్క కొట్టి ఎంటర్ నొక్కితే ఫోనే నిజంగ రీబూట్ అయ్యేది. గూగుల్ జల్దినే సరిచేసింది కానీ అప్పటికే జనం ఆ సందుల నుంచి లోపలికి పోయి సొంత రోమ్‌లు తయారు చేసుడు షురూ చేసిండ్రు. వాళ్లల్ల స్టీవ్ కోండిక్ చేసిన సయనోజెన్‌మోడ్ అందరికంటే ఎక్కువ పాకింది. 2009 సెప్టెంబర్‌ల గూగుల్ ఆయనకు లెటర్ పంపింది, జీమెయిల్, మ్యాప్స్, మార్కెట్ (ఇప్పటి ప్లే స్టోర్) లాంటి మా యాప్‌లు నీ రోమ్‌ల కలిపి పంచొద్దు అని. ఇయ్యాలటికీ రోమ్ జిప్ ఒకటి, జీయాప్స్ (గూగుల్ యాప్‌ల) జిప్ ఇంకొకటి వేరే వేరేగ ఎక్కించుకుంటున్నం కదా, అదంతా అప్పటి పంచాయితీల నుంచి వచ్చిందే.

ఇగ మన దగ్గరి సంగతి. 2011, 12 ఆ టైముల పదివేల లోపు ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చినయ్, కాలేజీ పోరగాళ్ల చేతులల్ల ఎక్కడ చూసినా అవే, గెలాక్సీ వై అయితే 290 ఎంబీ ర్యామ్, యాప్‌లకు 180 ఎంబీ జాగ, అంతే. నాలుగు యాప్‌లు వేస్తే స్టోరేజ్ ఫుల్ అని వచ్చేది. అందుకే మేం రూట్ చేసింది, మెమరీ కార్డును రెండు ముక్కలు చేసి లింక్2ఎస్‌డీ అనే యాప్‌తోని యాప్‌లను కార్డు మీదికి తోలితే ఫోన్ ఊపిరి పీల్చుకునేది. ఇంకో కారణం ఉంది, నాకైతే అదే అసలు కారణం. అప్పటి ఆండ్రాయిడ్ 2.3ల తెలుగు ఫాంట్ లేకుండె. తెలుగుల మెసేజ్ వస్తే వరసగ డబ్బాలు, పేపర్ సైట్ తెరిస్తే పేజీ నిండ డబ్బాలు. ఒపెరా మినీ ఉన్నోళ్లు అడ్రస్ బార్‌ల ఒపెరా:కాన్ఫిగ్ అని కొట్టి, అడుగున బిట్‌మ్యాప్ ఫాంట్ల సెట్టింగ్ ఎస్ చేస్తే వాళ్ల సర్వరే తెలుగును బొమ్మ లెక్క తయారు చేసి పంపేది, ఈ కిటుకు చెప్పిన సీనియర్ పేరు మా హాస్టల్ల మస్తు రోజులు మోగింది. కానీ అది బ్రౌజర్ వరకే. మెసేజ్‌లల్ల గూడ తెలుగు కావాలంటే రూట్ చేసి, సిస్టం ఫోల్డర్ల ఫాంట్ ఫైల్ తీసేసి తెలుగు అక్షరాలున్న ఫైల్ అదే పేరుతోని పెట్టాలె.

నేను పెట్టిన రాత్రి ఇప్పటికీ యాదుంది. పర్మిషన్లు సరిగ్గ పెట్టకపోతే ఫోన్ లోగో కాడనే తిరుగుతది, రెండుసార్లు అట్లనే అయింది, రికవరీలకు (ఫోన్ పూర్తిగ ఆన్ కాకున్నా తెరుచుకునే రిపేర్ మెనూ) పోయి బ్యాకప్ రీస్టోర్ చేసిన, మూడోసారి ఆన్ అయింది. మా బాపు పంపిన మెసేజ్ తెరిస్తే డబ్బాల జాగల అక్షరాలు వచ్చినయ్. అయితే వత్తులు కింద పడుతలేవు, అమ్మ అని ఉండాల్సింది అమ్‌మ అని, హన్మకొండ హన్‌మకొండ అని పొల్లుతోని కనపడ్డది. ఫాంట్ ఒక్కటి పెడితే సరిపోదు, అక్షరాలను పేర్చే ఇంజన్ గూడ ఫోన్ల ఉండాలె, అది సిస్టం మారితే తప్ప రాదు. దాని కోసమే తెల్లారి నుంచి కొత్త వెర్షన్ రోమ్ వెతుకుడు మొదలుపెట్టిన. గూగుల్ ఫోన్ మెనూలన్నీ తెలుగుల ఇచ్చింది 2014ల వచ్చిన ఆండ్రాయిడ్ 5.0తోని, అప్పటికి మా దిక్కు ఎంతమంది తెలుగు చదువుకోనీకే ఫోన్లు రూట్ చేసుకున్నరో నాకు తెల్సు, మా హాస్టల్ ఫ్లోర్ల నేనే ఇరవైకి పైన చేసిన.

2014 నుంచి 2016 వరకు ఈ పనికి మంచి రోజులు. షావోమీ 2014 జూలైల ఇండియాకు వచ్చింది, వాళ్ల ఫోన్ల సాఫ్ట్‌వేర్ మీయూఐ గూడ 2010ల ఒక కస్టమ్ రోమ్ లెక్కనే పుట్టింది. సయనోజెన్ అప్పటికే కంపెనీ అయింది, వన్‌ప్లస్ వన్‌ల అదే ఓఎస్ వచ్చింది, ఆ తర్వాత ఇండియాల హక్కులు మైక్రోమ్యాక్స్‌కే అని ఒప్పందం చేసుకుంటే 2014 డిసెంబర్‌ల పంచాయితీ ఢిల్లీ హైకోర్టు దాక పోయింది, వన్‌ప్లస్ అమ్మకాలు కొన్ని రోజులు ఆగినయ్. హాబీ కోసం పుట్టిన రోమ్ మీద రెండు కంపెనీలు కోర్టుకెక్కినయ్ అంటే దాని విలువ ఎంత పెరిగిందో చూడుండ్రి.

తర్వాత రెండు దెబ్బలు వెంటవెంట పడ్డయ్. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, అది పూర్తి 4జీ, కాల్ గూడ వోల్టీ, అంటే 4జీ మీదనే, కాబట్టి 2జీ 3జీ ఫోన్లను ఏ రోమ్ కాపాడలే, 4జీ ఉన్న ఫోన్లల్ల గూడ రోమ్ మారిస్తే ఒక్కోసారి వోల్టీ పోయేది. నవంబర్ 8న నోట్ల రద్దు, ఇగ పైసలన్నీ ఫోన్లకు వచ్చినయ్. డిసెంబర్ 30న భీమ్ యాప్ వచ్చింది, మరుసటి రోజు, 31 కల్లా, సయనోజెన్ కంపెనీ తన సర్వీసులన్నీ బంద్ పెట్టింది. రెండింటికీ సంబంధం లేదు, కానీ నాకు ఆ వారమే మలుపు అనిపిస్తది, ఫోన్ అనేది మనం విప్పి చూసుకునే వస్తువు నుంచి మన పైసల సంచి అయిన వారం అది. సయనోజెన్ కోడ్ మాత్రం చావలే, అవే చేతులు లీనియేజ్ ఓఎస్ అని పేరు పెట్టి నడిపిస్తున్నయ్.

పైసలు ఫోన్లకు వచ్చినంక బ్యాంక్ యాప్‌లు ఫోన్ రూట్ అయిందా, బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాంగనే ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో చూసే తాళం) తెరిచి ఉందా అని చూసుడు పెరిగింది. గూగుల్ దగ్గర దానికోసం మొదట సేఫ్టీనెట్ ఉండె, ఇప్పుడు ప్లే ఇంటిగ్రిటీ. 2016లనే జాన్ వూ అనే పిలగాడు మ్యాజిస్క్ తీసుకొచ్చిండు, అది సిస్టం ఫైళ్లను ముట్టకుండ రూట్ ఇస్తది కాబట్టి చానా రోజులు దాగుడుమూతలు నడిచినయ్. బ్యాంకుల భయం నాకు అర్థమైతది, రూట్ చేసిన ఫోన్ల తప్పుడు యాప్ దూరితే అకౌంట్ ఊడ్సుకపోతది. కానీ నాకు మింగుడు పడనిది ఒకటుంది: ఐదారేండ్లుగ ఒక్క సెక్యూరిటీ ప్యాచ్ రాని పాత ఫోన్, తాళం కదపలేదు గాబట్టి మామూలు పరీక్ష పాసైతది, అదే ఫోన్ల తాజా ప్యాచ్‌తోని లీనియేజ్ వేస్తే ఫెయిల్. అసలు కంతలు ఏ ఫోన్ల ఎక్కువున్నయ్ అని అది అడుగుతలేదు, తాళం ఎవరిది అని అడుగుతుంది.

అక్కర మళ్ల ఒకసారి గట్టిగ వచ్చింది 2020ల. సెప్టెంబర్ 1 నుంచి మన తెలంగాణల డిజిటల్ క్లాసులు మొదలైనయ్, టీశాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల వచ్చేటివి, ప్రైవేట్ బడులైతే ఫోన్ల మీద జూమ్ అనె. ఇంట్ల ముగ్గురు పిల్లలుంటే ఒక్క ఫోన్ ఏమూలకు? మా ఊర్ల మూలకు పడేసిన ఫోన్లన్నీ నా దగ్గరికి తెచ్చిండ్రు, తొమ్మిదింట్ల ఆరు లేపిన, ఒకటి నా చేతులల్లనే డెడ్ అయింది, బూట్‌లోడర్ల పాత వెర్షన్‌కు పోనియ్యని తాళం ఉందని చూసుకోలే, ఆ ఇంటోళ్లకు నా ఫోన్ ఇచ్చేసిన. లేచిన ఆరిట్ల ఒక్కదాంట్ల గూడ బ్యాంక్ యాప్ అక్కర లేకుండె, పిలగాడు పాఠం వింటే చాలు.

ఇప్పుడు ఆ లేపుడు గూడ కష్టమైంది. హువావే 2018లనే అన్‌లాక్ కోడ్‌లు బంద్ పెట్టింది, షావోమీ అన్‌లాక్ కావాలంటే రోజుల తరబడి ఆగాలె, కొన్ని కంపెనీలు ఆ ఆప్షనే తీసేసినయ్. కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ 2022 డిసెంబర్‌ల పెట్టింది, దాంట్ల స్పేర్ పార్టుల ముచ్చట ఉంది, బూట్‌లోడర్ తాళంచెవి గూడ స్పేర్ పార్టే అని నేనంట.

మొన్న హన్మకొండ చౌరస్తాల రిపేర్ షాపుకు నర్సంపేట నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు, "తమ్మీ, బ్యాటరీ పోయిన యాడాదే ఏయించిన, పించన్ పైసలు చూసుకుందామంటే యాప్ తెరుచుకుంటలేదు" అని. షాపాయన "ఫోన్ మంచిదే కాకా, ఆండ్రాయిడే పాతది" అన్నడు. నేను అడిగి తీసుకొని చూసిన, ఆ మోడల్‌కు లీనియేజ్ ఉంది, తాళం గూడ తియ్యొచ్చు. తీస్తే లోపల ఉన్నదంతా తుడుచుకపోతది, రోమ్ కొత్తదైనా బ్యాంక్ యాప్ తెరుచుకుంటదని మాట ఇయ్యలేను అని రెండూ ఆయనకు చెప్పిన. ఆయన జర సేపు ఆలోచించి "ఫోటోలు ముందు తీసి ఇయ్యి, తర్వాత చూద్దాం" అన్నడు. షాపాయన ఒక కార్డు తీసి పెట్టిండు, పదిహేడు వందల పైన ఫోటోలు, కాపీ అయ్యేదాక ఆయన స్టూల్ మీదనే కూసున్నడు.